స్వాజీ నంబరు ప్లేటు

కిందటి వారం తులాసిజ్వే డ్లామినీని మనం మహా మంచి చోటే వదిలిపెట్టి వచ్చాం. వాన్ రీనెన్ ఘాట్ రోడ్డు పైమలుపులో అతని లారీ, ముందు మండుతున్న టైర్ల గుట్ట, వెనక కనుచూపు మేర ఆగిపోయిన లారీలు, ముందు అద్దం మీద అప్పుడే వచ్చి పడిన మొదటి రాయి. మధ్యలో చేరినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. యజమాని స్టేన్‌కాంప్ నిరుడు తన లారీలన్నిటినీ పక్కనున్న స్వాజీల దేశం ఎస్వాతినీలో రిజిస్టరు చేయించాడు. అక్కడ మాన్జీనీ ఊళ్లో ఒక మంగలి షాపు పైన ఒక గది, గదికో బోర్డు, కంపెనీ అంటే అంతే. లారీలు మాత్రం ఎప్పటిలాగే డర్బన్ రేవుకీ జొహానెస్‌బర్గ్‌కీ మధ్యే తిరుగుతున్నాయి. పాత డ్రైవర్లు ఆ కొత్త కంపెనీ కింద, ఆ దేశపు జీతానికి సంతకం పెట్టాలి, లేదంటే ఇంటికి పోవాలి. అందరం ఇంటికే పోదామని తులా తన బావమరిది జ్వెలిబాంజి చేతిలో చెయ్యి వేసి మాటిచ్చాడు. తెల్లారి వెళ్లి సంతకం పెట్టేశాడు. జ్వెలి వీధిన పడ్డాడు. అప్పటి నుంచి ఆ రెండిళ్ల మధ్య మాటల్లేవు.

ఇక రెండో రాయి.

అది అద్దాన్ని మధ్యకి చీల్చుకుని లోపలికొచ్చి పక్క సీటు మీద పడింది. గాజు పెంకులు తులా ఒళ్లోకీ, చొక్కా కాలరులోకీ రాలాయి. హారన్ మీద చెయ్యి పెట్టి, వెంటనే తీసేశాడు. హారన్ కొడితే దారిచ్చే జనం కాదు అది. పరాయి దేశపు డ్రైవర్లు తమ పనులు లాక్కున్నారని రోడ్డెక్కినవాళ్లు, ముప్పై నలభై మంది ఉంటారు. కర్రలు, ఇనప కడ్డీలు, ఒకరిద్దరి చేతుల్లో తోలు కొరడాలు. చలికాలపు ఎండ తెల్లగా కాస్తోంది. రోడ్డు పక్క ఎండుగడ్డికి కూడా ఎవరో నిప్పు పెట్టినట్టున్నారు, పొగ కొండవాలు పొడవునా పాకుతోంది. పోలీసులు రావాలంటే ఆగిపోయిన ఇన్ని లారీల వెనక నుంచి నడుచుకుంటూ రావాలి.

పక్క అద్దంలో వెనక లారీ కనిపించింది. అదీ స్టేన్‌కాంప్‌దే, అదీ పంచదార లోడే. దాన్ని తోలేది మంకోబా, నిజంగానే ఎస్వాతినీ నుంచి వచ్చిన మనిషి, నిండా ముప్పై లేవు. జ్వెలి మానేసిన సీటులో కూర్చున్నవాడు కాబట్టి మొదట్లో వాణ్ణి చూస్తేనే తులాకి ఒళ్లు మండేది. పలకరిస్తే మొహం తిప్పుకునేవాడు. కానీ తులాకి జ్వరం కాసిన రోజున హారిస్మిత్ దగ్గర వాడు తన లారీ ఆపుకుని, గాలివానలో ఇద్దరి టార్పాలిన్లూ ఒక్కడే కట్టాడు. ఆ తర్వాత వాడు అన్నా అంటే తులా ఊ అంటున్నాడు.

అద్దంలో ఇద్దరు మనుషులు ఆ లారీ మెట్టెక్కి కడ్డీతో తలుపు పెకలిస్తున్నారు. తలుపు ఊడింది. లోపలికి తొంగిచూసి ఒకడు చేతులు విప్పి చూపించాడు, ఎవరూ లేరని.

అదే క్షణాన ఎడమ తలుపు తెరుచుకుని మంకోబా తులా కాళ్ల దగ్గరకి పడ్డాడు. నుదురు చిట్లి రక్తం కళ్లలోకి కారుతోంది.

"తలుపెయ్యన్నా, తలుపెయ్యి."

"ఎలా వచ్చావురా ఇక్కడికి?"

"ట్రైలర్ల కింద పాక్కుంటూ వచ్చా. వెనక జింబాబ్వే లారీ ఆయన్ని లాగేశారన్నా. కొడుతూనే ఉన్నారు. ఆయన కదలట్లేదు, అయినా కొడుతున్నారు."

 తులా వాడి చంకల్లో చేతులు వేసి లేపి, సీటు వెనక పడక మీదికి తోసి, పైన దుప్పటి కప్పి పరదా లాగేశాడు. "ఊపిరి కూడా గట్టిగా పీల్చకు," అన్నాడు. ఒళ్లో గాజు పెంకులు దులుపుకుని మళ్లీ స్టీరింగు ముందు కూర్చున్నాడు.

బయట ఒక వింత జరిగింది. పక్క వరసలోంచి ఇంకో లారీ మెల్లగా ముందుకొచ్చింది. దానికి జొహానెస్‌బర్గ్ నంబరు. గుంపులో ఎర్ర టోపీ పెట్టుకున్నవాడు ప్లేటు చూసి, మండే టైరొకటి కడ్డీతో పక్కకి లాగించి, బానెట్ మీద తట్టి మరీ పంపించాడు. దాన్ని తోలుతున్నవాడు తులాకి బాగా తెలుసు, మలావీ దేశపు బ్లెస్సింగ్స్ ఫిరి, ఈ దేశానికి నిన్నగాక మొన్న వచ్చినవాడు. ఫిరి తల పక్కకి తిప్పకుండా, దేవుడికి చెప్పుకుంటూ కాబోలు పెదాలు కదుపుతూ, పొగలోంచి దాటిపోయాడు. ఆ గుంపు వెతుకుతున్నది సరిగ్గా అలాంటివాణ్ణే. అయితే ఇక్కడ ప్లేటు చూసేవాళ్లే తప్ప మనిషిని చూసేవాళ్లు లేరు. యాభై మైళ్ల అవతల ఎస్ట్‌కోర్ట్‌లో పుట్టి పెరిగిన తులా లారీకేమో ముందూ వెనకా స్వాజీ నంబరు.

ఎర్ర టోపీవాడు దాన్ని చూశాడు. తలుపు లాగాడు. తులా తనే గడియ తీశాడు, వాళ్లు లోపలికి ఎక్కకూడదని. దిగేదాకా ఎవరూ ఆగలేదు, కాళ్లు పట్టి లాగారు. గడ్డం మెట్టుకి కొట్టుకుంది. తారు మీద పడగానే ఎవరి బూటో డొక్కలో దిగింది.

"గుర్తింపు కార్డు తియ్యరా."

తీశాడు. ఎర్ర టోపీవాడు పేరు చదివి అందరికీ వినపడేలా నవ్వాడు. "డ్లామినీ అంట. స్వాజీ నంబరు, స్వాజీ పేరు. ఇంకా ఏం కావాలి?"

"నేను ఎస్ట్‌కోర్ట్ వాణ్ణిరా. కార్డు మీద చూడు, ఈ దేశపుదే."

"కార్డులదేముందిలే. జేబులో ఎన్నయినా ఉంటాయి."

"నేను మాట్లాడేది మీ భాష కాదా?"

"స్వాజీలూ ఇంచుమించు ఇలాగే ఏడుస్తారు," అన్నాడు ఇంకొకడు, చేతిలో ఉన్న గుండుకర్రతో చెవి మీద కొట్టాడు.

కాసేపు తులాకి ఏమీ వినపడలేదు. మెడ మీద వెచ్చగా కారుతోంది. మోకాళ్ల మీద లేవబోతే కొరడా పడింది, వీపు మీద చొక్కా చిరిగింది. తను చచ్చిపోతున్నానని అప్పుడే నమ్మకం కలిగింది. భార్య హ్లెంగీ గుర్తురాలేదు, పిల్లలు గుర్తురాలేదు. పడక మీద ఉన్నవాడు దగ్గుతాడేమో అన్న ఒక్క భయమే ఉంది.

"ఆగండర్రా," అన్నాడొక ముసలాయన. పాత సైన్యపు కోటు వేసుకున్నాడు, చేతులు చూస్తే ఆయనా ఒకప్పుడు స్టీరింగు పట్టినవాడే అని తెలుస్తోంది. "డ్లామినీలు సరిహద్దుకి అటూ ఉన్నారు, ఇటూ ఉన్నారు. తాతల పేర్లు చెప్పించండి. స్వాజీవాడైతే ఎన్‌కోసి అని మొదలెడతాడు. అప్పుడు మీ ఇష్టం."

గుంపు కాస్త వెనక్కి జరిగింది. కార్డు అబద్ధమాడుతుంది, ప్లేటు అబద్ధమాడుతుంది, తాతల పేర్లు మాత్రం తల్లి ఒళ్లో నేర్చుకోవాల్సిందే. ఆ సంగతి అక్కడ అందరికీ తెలుసు.

తులా నోట్లో రక్తం ఉమ్మేశాడు. "జిజి," అన్నాడు. వెనకున్నవాళ్లకి వినపడలేదు. మళ్లీ అన్నాడు. "జిజి. జామా కా సిజాదూ. ఫకాదే..." ఆ పేర్లు తండ్రి సమాధి దగ్గర చెప్పాడు, కూతురు పుట్టినప్పుడు ఆవుని కోసి చెప్పాడు. ఇలా రోడ్డు మీద, మోకాళ్ల మీద, ప్రాణం కోసం చెప్పుకోవలసి వస్తుందని ఏ తాతా అనుకుని ఉండడు. చెబుతుంటే కళ్లమ్మట నీళ్లు వచ్చాయి. అవి దెబ్బలకి వచ్చినవి కావు, సిగ్గుకి వచ్చినవి.

ముసలాయన తన నెత్తి మీది టోపీ తీసేసి, ఆ మొదటి తాత పేరుతోనే పిలిచాడు. "లేవండి జిజీ. లేవండి. కుర్రాళ్లు తెలీక చేశారు." చెయ్యి ఇచ్చి లేపాడు. అప్పటిదాకా రా అన్న నోళ్లన్నీ మూతపడ్డాయి. గుండుకర్రవాడు నేల చూపులు చూస్తూ నీళ్ల సీసా తెచ్చి ఇచ్చాడు. ఎర్ర టోపీవాడికి మాత్రం మొహం మాడిపోయింది.

"మరి మనవాడైతే స్వాజీ నంబరు ఎందుకేసుకు తిరుగుతున్నట్టు?" అన్నాడు.

"అది నన్నడగండి, నేను చెబుతా."

టైర్ల పొగ అవతల నుంచి ఆ గొంతు వినపడగానే తులా సీసా దించి అటు తిరిగాడు. జ్వెలిబాంజి వచ్చాడు. ఏడాదిలో సగానికి సగం తగ్గిపోయాడు, చెంపలు లోపలికి పోయాయి. స్టేన్‌కాంప్ ఇచ్చిన పాత కంపెనీ కోటే ఇంకా ఒంటి మీద ఉంది, వీపు మీద పేరు మాత్రం కత్తిరించేసుకున్నాడు.

"బాగా చెప్పావు బావా," అన్నాడు. "మా అక్క పెళ్లిలో మీ నాన్న నిలబడి చెప్పిన పేర్లే. ఒక్కటీ మర్చిపోలేదు. మాటిచ్చింది మాత్రం తెల్లారేసరికి మర్చిపోయావు."

"జ్వెలీ, ఇది ఇక్కడ కాదు. ఇంటికెళ్లాక తిట్టు, ఎంత తిడతావో తిట్టు."

"ఏ ఇంటికి? మా ఇంటికి నువ్వు రావు, మీ ఇంటికి నేను రాను. ఇక్కడే మంచిది." గుంపు వైపు తిరిగాడు. "ఈయన మా బావ. మనవాడే, అనుమానం లేదు. ఆ లారీ ఒక్క రాత్రి కూడా స్వాజీ దేశంలో పడుకోలేదు. మన రోడ్డు, మన సరుకు, మన మనిషి, నంబరొక్కటే వాళ్లది. మనల్ని రోడ్డు మీదికి తోసింది ఆ నంబరే. దాని కింద సంతకం పెట్టిన మొదటివాడు ఈయన. ఈయన పెట్టకపోతే మిగతావాళ్లు పెట్టేవాళ్లు కాదు, పెద్దాయన పెట్టాడు కదా అని వరసలో నిలబడ్డారు."

"భయమేసిందిరా," అన్నాడు తులా.

"నాకు వెయ్యలేదా?"

తులా మెడ మీది రక్తం అరచేత్తో తుడుచుకున్నాడు. 

"చెప్పు బావా. నాకు భయం వెయ్యలేదా? మా ఆవిడ పిల్లల్ని తీసుకుని పుట్టింటికి పోయింది. ఇటుకల లోడు ఎత్తడానికి కూడలిలో కుర్రాళ్ల పక్కన నిలబడుతున్నా, ముసలోడివి నీ వల్ల కాదంటున్నారు. స్వాజీవాడికి గతి లేదు, వచ్చాడు. నీకేమైంది?" మాట్లాడుతూనే పక్కవాడి చేతిలో కొరడా లాక్కుని కొట్టాడు. మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోది మొహం మీద పడింది, పెదవి చీలింది. తులా చెయ్యెత్తలేదు. మూడోసారి ఎత్తిన కొరడా జ్వెలి చేతిలోనే ఆగిపోయింది. అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఇలాంటివాణ్ణి వదలకూడదు," అన్నాడు ఎర్ర టోపీవాడు. "పరాయివాడి కంటే వీడే ఎక్కువ."

"మా అక్క మొగుడు," అన్నాడు జ్వెలి. "చెయ్యేస్తే నేనే వెయ్యాలి." నేల మీద వరసగా పెట్టి ఉన్న సీసాల్లోంచి ఒకటి తీశాడు. మూతికి గుడ్డ దోపి ఉంది, పెట్రోలు వాసన గుప్పుమంది. దాన్ని తులా చేతిలో పెట్టాడు. "నీ లారీని నువ్వే అంటించు బావా. అందరూ చూస్తుండగా అంటించు. నిన్ను నేనే ఇంటికి తీసుకెళ్తా, అక్క వండింది తిందాం. అయిపోయిందనుకుందాం."

ఏడాదిగా తులా ఎదురు చూసిన మాట అది. అలాంటి మాట ఇలాంటి చోట వచ్చింది. సీసా చేతిలో పట్టుకుని నిలబడిపోయాడు. అంటిస్తే పరదా వెనక మనిషి కాలిపోతాడు. ఎందుకు అంటించనో చెబితే వాణ్ణి బయటికి లాగి చంపుతారు. అంటించనని ఊరుకుంటే తనని చంపుతారు, ఆ తర్వాత లారీ ఎలాగూ తగలబడుతుంది.

"ట్రైలరు మీద ఆడవాళ్లు ఉన్నారు," అన్నాడు, కాలం గడపడానికి. అబద్ధం కాదు. పక్క ఊరి ఆడవాళ్లు బేసిన్లతో వచ్చి టార్పాలిన్ కోసి పంచదార బస్తాలు దింపుకుంటున్నారు. "వాళ్లని దిగనీ."

"దిగండమ్మా, దిగండి, వంట తర్వాత," అని ఎవరో అరిచారు. ఆడవాళ్లు తిట్టుకుంటూ దిగారు. ఆ దారీ మూసుకుపోయింది.

తులా బావమరిదిని పక్కకి లాగాడు. ఇరవై ఏళ్లుగా ఎరిగిన మొహం. తన కూతురికి పేరు పెట్టింది వీడే. ప్రతి పెళ్లికీ ప్రతి చావుకీ తన పక్కన నిలబడింది వీడే. చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాడు. "జ్వెలీ, పరదా వెనక మనిషి ఉన్నాడు. బతికే ఉన్నాడు. నీకు దణ్ణం పెడతా, వీళ్లని నాలుగడుగులు అటు తీసుకెళ్లు. నేను వాణ్ణి లోయలోకి దింపేస్తా. తర్వాత లారీని నువ్వేం చేసుకున్నా సరే."

"ఎవడు?"

అబద్ధం చెప్పవలసింది. తులాకి ఆ క్షణాన తోచలేదు. "నీ లారీ తోలేవాడు," అన్నాడు.

జ్వెలి అతని మొహంలోకి చూశాడు.  "లోపల ఏమన్నా పనికొచ్చేవి ఉన్నాయేమో చూసొస్తా," అని గుంపుతో చెప్పి మెట్టెక్కి క్యాబిన్‌లోకి వంగాడు. పరదా కొద్దిగా కదలడం కింద నుంచి తులాకి కనిపించింది. జ్వెలి వీపు చాలాసేపు అలాగే ఉంది. ఆ కాసేపట్లో తులా గుండె కాస్త కుదుటపడింది. చెప్పి మంచి పని చేశాననుకున్నాడు. తన మీద ఎంత కోపమున్నా మనిషి మంచివాడు, హ్లెంగీ తమ్ముడు, పక్కింటి కుక్క చచ్చిపోతే ఏడ్చినవాడు.

జ్వెలి దిగాడు. చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"ఎవరూ లేరు," అన్నాడు, తులా వైపు చూడకుండా. "దుప్పటి ఉంది, పాత చెప్పులున్నాయి. అంటించండి."

ఎర్ర టోపీవాడు తులా చేతిలోంచి సీసా లాక్కున్నాడు. అగ్గిపెట్టె ఎవరి దగ్గరుందని అడుగుతున్నాడు. తులా కదల్లేదు. జ్వెలి నేల చూస్తున్నాడు. తులా అరవవచ్చు. అరిస్తే మంకోబా చావు మంటల్లో కాకుండా కర్రల కింద వస్తుంది, అంతే తేడా. ఏడాది కిందట సంతకం పెట్టేటప్పుడు కూడా తులా ఇలాగే రెండు వైపులా లెక్కలు చూసుకున్నాడు. ఇప్పుడు లెక్కలు చూడబుద్ధి కాలేదు. చాలా విసుగొచ్చింది.

నడిచి వెళ్లి లారీ ఎక్కాడు. ఎవరూ ఆపలేదు, సామాను తెచ్చుకుంటాడనుకున్నారు. డ్రైవరు సీట్లో కూర్చుని, తలుపు లాక్కుని, రెండు వైపులా గడియలు వేసుకున్నాడు.

"అన్నా, దిగిపో," అన్నాడు మంకోబా పరదా వెనక నుంచి, ఏడుపు మింగుతూ. "నన్ను చూసేశాడాయన. నువ్వన్నా పో."

"నోర్మూసుకో. దుప్పటి తలమీదికి లాక్కో. నేను అనగానే కిందకి దూకెయ్."

ముసలాయన పరిగెత్తుకొచ్చాడు. "జిజీ, ఇదేం పని. దిగండి, పెద్దవారు మీరు."

పగిలిన అద్దంలోంచి తులా అందర్నీ చూశాడు. చెవి ఇంకా హోరెత్తుతోంది, పెదవి వాచి మాట సరిగ్గా రావడం లేదు. అయినా గట్టిగానే అన్నాడు. "ఎవరూ లేరన్నాడుగా మా జ్వెలి. ఇప్పుడొకడు ఉన్నాడు. అంటించుకోండి. జ్వెలీ, మీ అక్కకి మాత్రం నువ్వే వెళ్లి చెప్పుకో."

జ్వెలి తలెత్తాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. "బావా, దిగు," అన్నాడు. లారీ వైపు రెండడుగులు వేశాడు. "దిగు బావా. లోపల... ఆగండి, ఆగండి, లోపల..."

గుంపు వెనక ఎవరో నవ్వారు. ఎర్ర టోపీవాడికి ఈ బావా బావమరుదుల గోల విసుగెత్తింది. వాడు గుడ్డ అంటించాడు. మంట ఎండలో సరిగ్గా కనపడలేదు, పొగ మాత్రమే కనపడింది. విసరడానికి చెయ్యి వెనక్కి ఎత్తాడు. జ్వెలి ఇద్దర్ని తోసుకుని, మండే టైరు మీదుగా దూకి, వాడి మణికట్టు రెండు చేతులా ఒడిసి పట్టుకున్నాడు.

పట్టుకున్న చేతిలో సీసా లేదు.